స్టాండప్ వేదిక నుంచి వెండితెరకు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఓపెన్ మైక్‌లు (ఎవరైనా పేరిచ్చి కొద్ది నిమిషాలు జోకులు చెప్పే షోలు) చేసేవాళ్లు, జిల్లాల్లో మిమిక్రీ ప్రోగ్రాములు ఇచ్చేవాళ్లు, రీల్స్‌తో పేరు తెచ్చుకున్నవాళ్లు సినిమా వైపు చూసేసరికి దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. వేదిక మీద రాసేది మీరే, చెప్పేది మీరే, ఎక్కడ ఆపాలో తేల్చేదీ మీరే. సినిమాలో ఆ మూడు పనులూ ముగ్గురు చేస్తారు. కింది ప్రశ్నల్లో చాలావరకు అక్కడ పుట్టినవే. మీరున్న దశకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## వేదిక మీద ఉన్నప్పుడు

సినిమాల్లోకి వెళ్లాలంటే స్టాండప్ చేయాల్సిందేనా? షార్ట్ ఫిల్మ్‌లు చాలవా?

చేయాల్సిందేనని ఏమీ లేదు. కాకపోతే ఏ మాట ఎక్కడ పడితే నవ్వొస్తుందో, ఎంతసేపు ఆగాలో స్టాండప్‌లో ఆ రాత్రికే తెలిసిపోతుంది. షార్ట్ ఫిల్మ్‌లో ఆ లెక్క దొరకదు. కెమెరా ముందు నిలబడటం, ఎదుటి నటుడి మాట వినడం మాత్రం అక్కడే అలవాటవుతాయి. వారానికి ఒకటి రెండు మైక్‌లు చేస్తూ, వీలున్నప్పుడల్లా చిన్న వేషమైనా సరే ఒక షార్ట్ ఫిల్మ్‌లో చేయడం మంచిది.

మిమిక్రీ, టీవీ స్కిట్లు, స్టాండప్: వీటిలో సినిమాకు దగ్గరి దారి ఏది?

చరిత్ర చూస్తే మిమిక్రీదే పెద్ద వాటా. ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంతంలో పుట్టి ముంబై ధారావిలో పెరిగిన జాన్ ప్రకాశరావు జనుమల, హిందుస్థాన్ లీవర్ కంపెనీలో పనిచేస్తూ అక్కడి అధికారులను అనుకరించి జానీ లీవర్ అయ్యారు. 1982లో ‘దర్ద్ కా రిష్తా’తో సినిమాల్లోకి వచ్చారు. కోదాడ నుంచి వచ్చిన వేణుమాధవ్‌ది మిమిక్రీ, వెంట్రిలాక్విజం (పెదాలు కదపకుండా బొమ్మ మాట్లాడినట్టు చూపే కళ). ఆయన తొలి సినిమా 1996లో ‘సంప్రదాయం’. కేరళలో కొచ్చిన్ కళాభవన్ 1981లో మొదలుపెట్టిన మిమిక్స్ పరేడ్ నుంచి ఒక తరం నటులే తయారయ్యారు. తమిళంలో శివకార్తికేయన్ విజయ్ టీవీ కామెడీ షోలో గెలిచి, యాంకరింగ్ చేసి, 2012లో సినిమాలకు వచ్చారు. మన దగ్గర 2013లో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ ఆ పని చేసింది.

మిమిక్రీతో గొంతు మీద పట్టు వస్తుంది. స్కిట్‌తో ఎదుటివాడి టైమింగ్‌కు తగ్గట్టు ఆడటం వస్తుంది. స్టాండప్‌తో సొంతంగా రాయడం, సొంత చూపు వస్తాయి. మిమిక్రీ నుంచి వచ్చేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి: దర్శకుడికి ఇంకొక హీరో గొంతుతో పని లేదు. మీ సొంత గొంతు ఎలా ఉంటుందో చూపించగలగాలి.

ఎన్ని నిమిషాల మెటీరియల్ ఉంటే సరిపోతుంది?

గట్టి ఐదు నిమిషాలు. ఓపెన్ మైక్‌లో మామూలుగా దొరికేది నాలుగైదు నిమిషాలే, దర్శకుడు చూసేది అంతకన్నా తక్కువ. గట్టిది అని ఎప్పుడంటామంటే, ఐదు వేర్వేరు చోట్ల, వేర్వేరు వయసుల వాళ్ల ముందు చెప్పినా నిమిషానికి మూడు నాలుగు నవ్వులు తప్పకుండా వచ్చినప్పుడు. ప్రతి షో ఫోన్‌లో ఆడియో రికార్డు చేయండి. ఇంటికెళ్లి ప్రతి నవ్వు దగ్గరా గీత పెట్టుకోండి. ఇరవై సెకన్లు దాటి గీత పడకపోతే అక్కడ మాటలు ఎక్కువయ్యాయని అర్థం. ముందుగా కోయాల్సింది పంచ్‌ని కాదు, దాని ముందున్న ఉపోద్ఘాతాన్ని.

ఒకచోట పేలిన జోక్ ఇంకోచోట అస్సలు పేలట్లేదు. ఎందుకు?

మొదట గది చూడండి. కుర్చీలు దూరదూరంగా ఉన్నా, జనం మీద లైట్లు వెలుగుతున్నా, మైక్ గరగరమన్నా నవ్వు తగ్గుతుంది. మీకు ముందు ఎక్కినవాళ్లు అదే విషయం మీద జోకులు వేసి దిగినా అంతే. హైదరాబాద్‌లోని లమకాన్ అనే సాంస్కృతిక వేదికలో నవ్విన విషయం కాలేజీ ఫెస్ట్‌లో అర్థమే కాకపోవచ్చు.

అవన్నీ బాగున్నా పేలలేదంటే వాక్యం చూడండి. మనకు క్రియ చివర రావడం అలవాటు, దాని వెనక ‘అన్నాడన్నమాట’ అనే తోక తగిలించడం ఇంకా పెద్ద అలవాటు. ‘పెళ్లిచూపులకెళ్లి మా నాన్న ఇన్వర్టర్ ఏ కంపెనీదో అడిగాడన్నమాట అక్కడ’ అంటే నవ్వు మొదలయ్యేలోపే మీ మాట దాన్ని తొక్కేస్తుంది. ‘పెళ్లిచూపుల్లో మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న: ఇన్వర్టర్ ఏ కంపెనీది?’ అని ఆగితే అదే జోక్ నిలబడుతుంది. నవ్వించే మాట తర్వాత ఒక్క అక్షరం కూడా ఉండకూడదు.

నాది శ్రీకాకుళం యాస. మార్చుకోవాలా?

వద్దు. యాస మీకున్న బలం. శ్రీకాకుళమైనా, కరీంనగరైనా, రాయలసీమైనా పుట్టి పెరిగిన నోట్లోంచి వస్తేనే నమ్మకంగా ఉంటుంది, అరువు తెచ్చుకున్న యాస రెండు డైలాగుల్లో దొరికిపోతుంది. దానితోపాటు పత్రికా భాషకు దగ్గరగా ఉండే మామూలు తెలుగులో కూడా తడబడకుండా మాట్లాడటం సాధన చేయండి. ఆడిషన్‌లో రెండూ అడుగుతారు.

ఉద్యోగం ఎప్పుడు మానేయాలి?

మొదటి సినిమా ఆఫర్ వచ్చినప్పుడు మాత్రం కాదు. జానీ లీవర్ స్టేజ్ షోల రాబడి బాగా పెరిగాకే కంపెనీ ఉద్యోగం వదిలారు. తొలి సినిమా తర్వాత ‘బాజీగర్’ (1993)లోని బాబూలాల్ పాత్ర వచ్చేసరికి పదకొండేళ్లు పట్టింది. సినిమా డబ్బు ఆలస్యంగా, విడతలుగా వస్తుంది. చేతిలో ఏడాది ఇంటి ఖర్చు, నెలనెలా షోల నుంచి కొంత ఆదాయం ఉంటే అప్పుడు ఆలోచించండి. అప్పటిదాకా సెలవులు దాచుకుని షూటింగ్ రోజులకు వాడుకోవడమే మేలు.

## ఆడిషన్ల దశలో

కో-డైరెక్టర్ ‘వీడియోలు పంపు’ అన్నారు. ఏం పంపాలి?

మూడు చిన్న క్లిప్‌లు: జనం నవ్వు వినిపించే నిమిషం స్టాండప్, జోకుల్లేని మామూలు సన్నివేశం ఒకటి, అర నిమిషం పరిచయం. స్టాండప్ ఒక్కటే పంపితే మీరు జోకులు చెప్పగలరని తెలుస్తుంది కానీ నటించగలరో లేదో తెలియదు. రెండో క్లిప్ లేకపోవడం వల్లే చాలామంది ఆగిపోతారు. డ్రైవ్ లింక్ పంపేవాళ్లు దాన్ని ‘లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు’ అనే సెట్టింగ్‌లో పెట్టి, వేరే ఫోన్‌లో తెరిచి చూసుకోండి. అనుమతి అడిగే లింక్‌ను ఎవరూ రెండోసారి తెరవరు.

సెల్ఫ్ టేప్ (మనమే తీసి పంపే ఆడిషన్ వీడియో) ఇంట్లో ఎలా తీయాలి?

ఫోన్ అడ్డంగా, మీ కళ్ల ఎత్తులో, కదలకుండా పెట్టండి. ఛాతీ నుంచి తల దాకా ఫ్రేమ్. వెనక ఖాళీ గోడ. కిటికీ వెలుతురు మొహం మీద పడాలి, వీపు మీద కాదు. ఫ్యాన్ ఆపండి. బ్యూటీ ఫిల్టర్ ఉందేమో చూసి తీసేయండి. ముందు పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పి, కుడి ఎడమ పక్కలు చూపించండి. తర్వాత సన్నివేశం. ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి ఫోన్ పక్కనే నిలబడి, మీకన్నా తక్కువ గొంతుతో చదవాలి. రెండు టేకులు చాలు, రెండోది వేరే రకంగా చేయండి.

స్టాండప్ వాళ్లు ఎక్కువగా చేసే తప్పు నేరుగా లెన్స్‌లోకి చూడటం. జనంతో మాట్లాడే అలవాటు అది. చదివే మనిషి కళ్లలోకి చూడండి.

ఆడిషన్‌లో నా స్టాండప్ సెట్‌లోని జోకులు కలపొచ్చా?

ఇచ్చిన సీన్‌లో కలపొద్దు. వాళ్లు చూసేది మీరు ఆ పాత్రలో ఇమిడారా లేదా అని. ‘ఇంకేమైనా చేస్తావా?’ అని అడిగితే అప్పుడు జోక్ బదులు ఒక మనిషిని చేసి చూపించండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, బస్ కండక్టర్, పెళ్లిలో వడ్డించే పెద్దాయన, ఎవరైనా సరే. ముప్పై సెకన్లు చాలు.

వేషం ఇస్తామంటున్నారు కానీ ముందు కొంత డబ్బు కట్టమంటున్నారు. కట్టొచ్చా?

కట్టొద్దు. రిజిస్ట్రేషన్, కార్డు, వర్క్‌షాప్, కాస్ట్యూమ్ డిపాజిట్, ఏ పేరుతో అడిగినా కట్టొద్దు. నటుడికి నిర్మాణ సంస్థ డబ్బు ఇస్తుంది, తీసుకోదు. వాళ్లు చెప్పిన సినిమా పేరు పట్టుకుని ఆ సంస్థ ఆఫీసుకే వెళ్లి అడగండి. ఇప్పటికే పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

‘మా’ సభ్యత్వం ఉంటేనే అవకాశం ఇస్తారా?

మొదటి వేషానికి అది అడ్డం కాదు. ‘మా’ అంటే మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్, 1993 నుంచి ఉంది. కొన్ని సినిమాలు చేశాక సభ్యత్వం ఉపయోగపడుతుంది.

## సెట్‌లోకి వెళ్లాక

నేను డైలాగ్ చెబితే సెట్‌లో ఒక్కరూ నవ్వట్లేదు. బాగా చేయట్లేదా?

వేదిక నుంచి వచ్చినవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసేది ఇదే. టేక్ నడుస్తుండగా ఎవరైనా నవ్వితే సౌండ్ పాడవుతుంది, అందుకే అందరూ నోరు మూసుకుంటారు. పైగా మీ డైలాగ్‌ను వాళ్లు పొద్దున్నుంచి ప్రాంప్టింగ్‌లో, రిహార్సల్‌లో వింటూనే ఉన్నారు. ఫోకస్ పుల్లర్ దృష్టి ఫోకస్ మీద, లైట్‌మన్ దృష్టి నీడ మీద ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని కొలబద్దగా తీసుకుంటే రెండో టేక్‌లో గొంతు పెంచుతారు, మూడో టేక్‌లో చేతులు ఊపుతారు, సీన్ చెడుతుంది.

నవ్వు కోసం ఆగే అలవాటు కూడా మానుకోవాలి. వేదిక మీద నవ్వు తగ్గేదాకా ఆగి తర్వాతి మాట అందుకుంటారు. సినిమాలో ఆ ఖాళీని ఎడిటర్ పెడతాడు, చాలాసార్లు ఎదుటివాడి మొహం మీద. మీరు కావాలని ఆగితే అక్కడ సీన్ జారిపోతుంది. మీ పాత్రకు ఆ మాట జోక్ కాదు, అతని అవసరం. అలా చెప్పండి.

నాకు ఇంకా మంచి పంచ్ తట్టింది. డైలాగ్ మార్చొచ్చా?

టేక్‌లో చెప్పకుండా మార్చొద్దు. రిహార్సల్‌లోనే కో-డైరెక్టర్‌కో దర్శకుడికో చెప్పండి. వాళ్లు హడావుడిలో ఉంటే రాసినట్టే చేసి, షాట్ ఓకే అయ్యాక ‘సార్, ఇంకొకటి ఇలా చేసి చూపించనా?’ అని అడగండి. ఒకటి అడగండి, నాలుగు కాదు. ఎలా మార్చినా మూడు విషయాలు కదపకూడదు. కథకు కావలసిన సమాచారం పోకూడదు. మీ డైలాగ్‌లో చివరి మాట మారకూడదు, ఎందుకంటే ఎదుటి నటుడు దాన్నే అందుకుంటాడు. సీనియర్ నటుడి పంచ్‌కు ముందు మీరు నవ్వించేసి దాన్ని చంపకూడదు.

‘ఓవర్ అవుతోంది, తగ్గించు’ అంటున్నారు. ఎంత తగ్గించాలి?

అది షాట్‌ను బట్టి ఉంటుంది. ‘ఫ్రేమ్ ఎక్కడిదాకా సార్?’ అని కెమెరా అసిస్టెంట్‌ను అడగడంలో నామోషీ ఏమీ లేదు. వైడ్‌లో ఒళ్లంతా కనిపిస్తుంది కాబట్టి నడక, నిలబడే తీరు పనిచేస్తాయి. నడుము పైదాకా ఉంటే చేతులు. క్లోజప్‌లో కళ్లు చాలు. వేదిక మీద చివరి వరుసకు కనిపించాలని ఎత్తే కనుబొమ్మ క్లోజప్‌లో తెర నిండా పరుచుకుంటుంది.

ఇంకొక ఇబ్బంది చేతులది. ఏళ్ల తరబడి మైక్ పట్టుకున్న కుడిచేయి సెట్‌లో ఖాళీగా ఉండలేదు. గాల్లో తిరుగుతుంది, లేదంటే ఛాతీ దగ్గర మైక్ పట్టుకున్నట్టే ముడుచుకుంటుంది. ఇంట్లో టీ గ్లాసో తాళాల గుత్తో పట్టుకుని డైలాగులు చెప్పడం సాధన చేయండి. సెట్‌లో కూడా పాత్రకు తగిన వస్తువు ఒకటి అడిగి తీసుకోండి.

ఒకే డైలాగ్ ఇన్నిసార్లు ఎందుకు చెప్పిస్తారు?

ముందు సీన్ మొత్తం కనిపించే మాస్టర్ షాట్, తర్వాత మీ సజెషన్ (ఎదుటివాళ్ల భుజం మీదుగా మిమ్మల్ని చూపే షాట్), ఎదుటివాళ్ల సజెషన్, ఆపైన క్లోజప్‌లు. ఇవన్నీ ఒకదానికొకటి అతకాలి. మాస్టర్‌లో ‘బావా’ అన్న మాట దగ్గర గ్లాసు ఎత్తితే అన్నిటిలోనూ అక్కడే ఎత్తాలి, లేకపోతే మీ మంచి టేక్ ఎడిటింగ్‌లో పనికిరాదు. తినే సీన్ అయితే మాస్టర్‌లో చిన్న ముద్దలు పెట్టుకోండి, సాయంత్రం దాకా తినాల్సి వస్తుంది. కెమెరా ఎదుటివాళ్ల మీద ఉన్నప్పుడు కూడా పూర్తిగా నటించండి. అహ నా పెళ్ళంట (1987)లో బ్రహ్మానందం చేసిన అరగుండు పాత్ర చూస్తే, మాట్లాడుతున్నప్పుడే కాకుండా వింటున్నప్పుడు కూడా ఆ మొహం ఎంత నవ్విస్తుందో తెలుస్తుంది.

డబ్బింగ్‌లో నా కామెడీ చప్పగా వినిపిస్తోంది. ఏం చేయాలి?

షూటింగ్ అయిన నెలల తర్వాత, చీకటి గదిలో, ఒంటరిగా నిలబడి చెబుతారు కాబట్టి అలా అవుతుంది. ముందు పైలట్ ట్రాక్ (సెట్‌లో రికార్డైన మీ గొంతు) రెండు మూడుసార్లు వినండి, సెట్‌లో మీరు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో పట్టుకోండి. తెర మీద పరిగెత్తుతుంటే ఇక్కడ కూడా నిలబడ్డచోటే ఒళ్లు కదిలించండి, చెప్పులు వదిలేస్తే చప్పుడు రాదు. మాట మారుస్తుంటే పెదాలు కలిసే అక్షరాలు చూసుకోండి: ప, ఫ, బ, భ, మ. తెర మీద పెదాలు మూసుకున్నచోట వీటిలో ఒకటి పడాలి, తెరుచుకుని ఉన్నచోట పడకూడదు. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. వీపు కెమెరా వైపు ఉన్న షాట్లలో కొత్త పంచ్ వేసే వీలు దొరుకుతుంది, దర్శకుడిని అడిగి వాడుకోండి.

నా బూతు జోకులకు షోల్లో బాగా నవ్వుతారు. సినిమాల్లో పనికొస్తాయా?

కష్టం. 2024 నిబంధనలతో సెన్సార్ ఇచ్చే యూఏ సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ అనే వయసు మెట్లు వచ్చాయి. కుటుంబాలు రావాలనుకునే నిర్మాత బూతు మాటను మ్యూట్ చేయించుకుంటాడు. పంచ్ ఆ మాట మీదే ఆధారపడితే మ్యూట్‌తోపాటు అదీ పోతుంది. మీ స్టాండప్ సెట్‌లో బూతు తీసేసి ఒకసారి చెప్పి చూడండి. అప్పటికీ నవ్వొచ్చిన జోకులే సినిమాకు పనికొస్తాయి.

## డబ్బు, కాగితాలు

పారితోషికం ఎలా మాట్లాడుకోవాలి?

కమెడియన్లకు రోజు లెక్కనో, సినిమా మొత్తానికి కలిపో ఇస్తారు. కొత్తవాళ్లకు రోజు లెక్కే మంచిది. మొత్తానికి ఒప్పుకుంటే రోజులు పెరిగినా అదే డబ్బు. ముందే తేల్చుకోవాల్సినవి: ఎన్ని రోజులు, అవి దాటితే రోజుకు ఎంత, డబ్బింగ్ అందులోనే ఉందా, ప్రమోషన్లకు ఎన్ని రోజులు రావాలి, బయట ఊళ్లో అయితే ప్రయాణం, బస ఎవరివి, షూటింగ్ రద్దయితే ఏమిటి. బ్యాలెన్స్ డబ్బింగ్‌కు ముందే ఇవ్వాలని రాయించుకోండి, డబ్బింగ్ అయ్యాక వసూలు చేయడం కష్టం. కాగితం ఇవ్వకపోతే ఫోన్‌లో మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో మీరే రాసి పంపి, మేనేజర్‌తో ‘ఓకే’ అనిపించుకోండి.

గడ్డం, జుట్టు సంగతి కూడా అడగండి. కంటిన్యూటీ (అన్ని సీన్లలో రూపం ఒకేలా ఉండటం) కోసం నెలల తరబడి అలాగే ఉంచాల్సి వస్తే ఆ మధ్యలో వచ్చే ఇంకో వేషం పోతుంది.

చెప్పినదానికన్నా తక్కువ డబ్బు పడింది. ఎందుకు?

సాధారణంగా 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే తీసే ఆదాయపు పన్ను) కోసుకుంటారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. కోసింది మీ పాన్ మీద జమైందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకోండి, రిటర్న్ వేస్తే ఎక్కువ కోసింది తిరిగి వస్తుంది. షోలు, సినిమాలు, బ్రాండ్ వీడియోలు అన్నీ కలిపి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

నా జోక్‌ను చెప్పకుండా సినిమాలో వాడేశారు. ఏం చేయగలను?

1957 కాపీరైట్ చట్టం ఆలోచనను కాపాడదు, దాన్ని చెప్పిన రూపాన్ని కాపాడుతుంది. ‘మామలు ఇన్వర్టర్ గురించి అడుగుతారు’ అన్నది ఎవరిదైనా కావచ్చు, మీ మూడు నిమిషాల కథనాన్ని మాట పొల్లుపోకుండా వాడితే అది మీది. తేదీతో ఉన్న వీడియో, మీకు మీరే పంపుకున్న మెయిల్ ఆధారాలుగా పనికొస్తాయి. పెద్ద బిట్లయితే రాసి రచయితల సంఘంలో నమోదు చేయించండి. డైలాగుల్లో సాయం చేయమని అడిగితే, పేరు వేస్తారా, డబ్బు ఇస్తారా అన్నది కూర్చునే ముందే అడగండి.

## నాలుగు సినిమాలు చేశాక

ఇక షోలు మానేయొచ్చా?

మానొద్దు. సినిమాల మధ్య ఖాళీ నెలల్లో ఇల్లు నడిపేది షోలే. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాల వేడుకలకు తెర మీద కనిపించిన కమెడియన్లను పిలుస్తుంటారు. అమెరికాలో డబ్బు తీసుకుని ప్రదర్శన ఇవ్వాలంటే పర్యాటక వీసా చెల్లదు. పీ-3, ఓ-1 వంటి కళాకారుల వీసా కావాలి, దానికి మిమ్మల్ని పిలిచిన అక్కడివాళ్లు ఐ-129 అనే దరఖాస్తు పెట్టాలి. నెలల ముందే అడగండి. ‘టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, ఏమీ కాదు’ అనే నిర్వాహకుడిని నమ్మొద్దు, పట్టుబడితే తర్వాతి ప్రయాణాలు కూడా పోతాయి.

అన్నీ హీరో ఫ్రెండ్ వేషాలే వస్తున్నాయి. ఎలా బయటపడాలి?

అడిగిన ప్రతి ఫ్రెండ్ వేషం ఒప్పుకోకండి. ఈ పాత్రకు సొంత పని, సొంత ఇబ్బంది ఏమైనా ఉందా అని చూసుకోండి. రెండూ లేకపోతే అది హీరో మాటలకు తల ఊపే వేషమే. ఇంకొక దారి, మీరే రాయడం. స్టాండప్ వాళ్లకు మిగతా నటులకు లేని వసతి ఇది. పది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌లో మీకు రావాల్సిన పాత్రను మీరే రాసుకుని చేయండి. ‘జబర్దస్త్’ స్కిట్లతో ఇంటింటా తెలిసిన వేణు యెల్దండి ‘బలగం’ (2023) రాసి, దర్శకత్వం వహించాక ఆయనను చూసే తీరే మారిపోయింది.

కమెడియన్‌కు సీరియస్ వేషాలు ఇస్తారా?

ఇస్తారు, నిలబడ్డవాళ్లూ ఉన్నారు. మలయాళంలో మిమిక్రీ నుంచి వచ్చి ఏళ్ల తరబడి నవ్వించిన సలీం కుమార్‌కు 2010 సంవత్సరానికి, సూరజ్ వెంజారమూడుకు 2013 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటుడి పురస్కారాలు వచ్చాయి. స్టాండప్ నుంచి వచ్చిన రాబిన్ విలియమ్స్‌కు ‘గుడ్ విల్ హంటింగ్’లో సహాయ పాత్రకు ఆస్కార్ వచ్చింది. అలాంటి వేషం దొరికినప్పుడు మధ్యలో ఒక్క నవ్వైనా తెద్దామన్న ఆరాటం ఆపుకోవాలి. థియేటర్‌లో జనం మిమ్మల్ని చూడగానే నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. మొదటి సన్నివేశంలో మాటలు తక్కువ పెట్టమని దర్శకుడిని అడిగితే వాళ్లు కుదురుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

సినిమా విడుదలైంది, నా సీన్లు సగం తీసేశారు. ఏం చేయాలి?

నిడివి తగ్గించాల్సి వస్తే ముందు పోయేది కథతో ముడిపడని కామెడీ ట్రాకే. అది మీ నటన మీద తీర్పు కాదు. సోషల్ మీడియాలో ఎవరినీ నిందించకండి. దర్శకుడికి ఫోన్ చేసి, తీసేసిన సీన్లను యూట్యూబ్‌లో విడుదల చేస్తారా, లేదా ఆడిషన్లలో చూపించడానికి క్లిప్ ఇస్తారా అని మర్యాదగా అడగండి. చాలామంది ఇస్తారు. తర్వాతి సినిమా ఒప్పుకునేముందు మీ పాత్ర లేకపోతే కథలో ఏ సీన్ ఆగిపోతుందో అడగండి. ఒక్కటైనా ఆగిపోతుందంటే ఆ వేషం ఎడిటింగ్ టేబుల్ దాటి బయటికొస్తుంది.